పాపీ పూలమొక్కలకు ఎంత చలి కావాలి, గాలిలో ఎంత తేమ ఉండాలి?

పాపీలు పెంచాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఎండ గురించి. నేనైతే ముందు రాత్రి ఉష్ణోగ్రత చూసుకోమంటాను. పగలు 24, 25 డిగ్రీలున్నా రాత్రికి 10, 12కి దిగితే మొక్క హాయిగా ఉంటుంది. రాత్రిళ్ళు కూడా 20 దాటుతుంటే కాడలు సన్నబడతాయి, పూలు చిన్నవై త్వరగా రాలిపోతాయి. రాత్రి వెచ్చగా ఉన్నకొద్దీ పగలు తయారుచేసుకున్న ఆహారం శ్వాసక్రియకు ఇంకా ఎక్కువగా ఖర్చయిపోతుంది మరి.

నేను చెప్పేది పూల కోసం పెంచే రకాల గురించే: ఐస్‌లాండ్, షెర్లీ, కాలిఫోర్నియా, ఓరియంటల్ పాపీలు. నల్లమందు తీసే గసగసాల మొక్క సంగతి వేరు, దాని సాగుకు చాలా దేశాల్లో లైసెన్సు కావాలి. దాని జోలికి వెళ్ళొద్దు.

విత్తేటప్పుడు మట్టి 13 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. గాలి చల్లగా ఉంది కదా అని విత్తేయకండి. నల్లటి కుండీలో మట్టి ఎండకు బాగా వేడెక్కుతుంది కాబట్టి థర్మామీటరు కొసను రెండు సెంటీమీటర్లు లోపలికి గుచ్చి చూడండి. విత్తనాలు చాలా సన్నం, పొడి ఇసుకలో కలిపి మట్టి పైనే చల్లి అరచేత్తో మెల్లగా అదిమితే చాలు. పైన మందంగా మట్టి కప్పితే సరిగా మొలవవు. రెండు మూడు వారాల్లో మొలకలొస్తాయి. తేమ ఆరకుండా ప్లాస్టిక్ మూత పెట్టి ఉంటే, మొలక కనబడిన రోజే తీసేయండి. ఆ మూత కింది ఉక్కలోనే నారుకుళ్ళు మొదలవుతుంది. తల్లివేరు కదిలితే పాపీ కోలుకోవడం కష్టం, అందుకని పూసే చోటే విత్తుకోవడం నయం.

చలికి భయపడక్కర్లేదు. నేలకు అంటుకుని ఆకులు పరుచుకున్న దశలో చాలా రకాలు తేలికపాటి మంచును తట్టుకుంటాయి. వేడి దగ్గరే తేడాలు. ఐస్‌లాండ్ పాపీకి పగలు 15 నుంచి 20 డిగ్రీలు ఇష్టం, 26, 27 దాటితే నీరసపడుతుంది. కాలిఫోర్నియా పాపీ వీటన్నిటికన్నా ఎండకూ పొడిగాలికీ గట్టిది. సాయంత్రమైనా, మబ్బు పట్టినా రేకులు ముడుచుకుంటుంది, అది జబ్బు కాదు. ఓరియంటల్ పాపీ బాగా పూయాలంటే చలికాలం నిజంగా చల్లగా ఉండాలి. పూత అయ్యాక నడివేసవిలో దాని ఆకులు ఎండిపోతాయి. మొక్క చచ్చిందని కంగారుపడి నీళ్ళు గుమ్మరిస్తే లోపలి దుంపవేరు కుళ్ళుతుంది. వదిలేయండి, చల్లబడ్డాక మళ్ళీ చిగురిస్తుంది.

ఇక గాలిలో తేమ. 40 నుంచి 60 శాతం ఉంటే నిశ్చింత. చిక్కేమిటంటే, మనం కోరుకునే చల్లని రాత్రే తేమ శాతాన్ని పెంచేస్తుంది. 25 డిగ్రీల దగ్గర 50 శాతం చూపించిన గాలి, ఉన్న నీటి ఆవిరితోనే 14 డిగ్రీలకు చల్లబడితే దాదాపు 100 శాతానికి చేరుతుంది. అంటే ఆకు మీద మంచు బిందువులు పడతాయి. మధ్యాహ్నం రీడింగ్ చూసి అంతా బాగుందనుకుంటే లాభం లేదు, తెల్లవారుజామున ఎంత ఉందో చూడాలి. తేమ కొలిచే మీటరును కుండీ పక్కనే, ఆకుల ఎత్తులో, ఎండ తగలకుండా పెట్టండి.

చవక మీటర్లు పది శాతం అటూ ఇటూ చూపించినా ఆశ్చర్యం లేదు. పరీక్షించడం తేలికే. చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంతగా మాత్రమే నీళ్ళు చల్లి, మీటరుతోపాటు గాలి చొరబడని డబ్బాలో రాత్రంతా ఉంచండి. లోపల తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. మీది 81 చూపిస్తే ఇకమీదట ప్రతిసారీ ఆరు తీసేసి చదువుకోండి.

రాత్రి తేమను మనం ఆపలేం. పొద్దెక్కేసరికి ఆకు ఆరేలా మాత్రం చూడగలం. నీళ్ళు పొద్దున్నే, మొక్క మొదట్లోనే పోయాలి. మొక్కకూ మొక్కకూ జానెడు పైనే ఎడం ఉండాలి. ఒత్తుగా మొలిస్తే మనసు రాకపోయినా, మిగతావి కదలకుండా కొన్నిటిని కత్తెరతో మొదట్లో కత్తిరించేయండి. మొదలు చుట్టూ సన్నకంకర పరిస్తే కింది ఆకులు తడిమట్టికి తగలవు. గది లోపలైతే చిన్న ఫ్యాను, గాలి సూటిగా కొట్టకుండా. నేను పొద్దున చూసేది అన్నిటికన్నా కింది ఆకు అడుగుభాగం. పైన లేతపసుపు మచ్చ, దాని వెనక బూడిదరంగు నూగు కనిపిస్తే అది బూజు తెగులే. ఆ ఆకు తుంచి కుండీకి దూరంగా పారేయండి.

గాలి మరీ పొడిగా ఉండి వేడిగా వీస్తుంటే ఆకుల మీద స్ప్రే కొట్టాలనిపిస్తుంది. వద్దు. మధ్యాహ్నం పలచటి నీడ కల్పించి, ఎండకు కాలే గోడకు దూరంగా జరిపి, మట్టి లోపలి తడి చూసుకోండి. తలవంచిన మొగ్గ నిటారుగా లేచే రోజుల్లో మట్టి పూర్తిగా ఎండనివ్వకూడదు.

రాత్రిళ్ళు వరసగా 20 పైనే ఉంటున్నాయంటే ఏకవార్షికాల (ఒక్క సీజనుతో జీవితం ముగిసే రకాల) పని అయిపోవచ్చినట్టే. కొన్ని కాయలు కోయకుండా ఉంచండి. ఊపితే గలగలమన్నప్పుడు విత్తనాలు దులిపి, బాగా ఆరాక కాగితపు కవర్లో వేసి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.