చివరి ఘడియల్లో ఉన్న విశ్వాసి దగ్గర సంఘ కాపరి (పాస్టర్) ఏం చేయాలి

ముందు ఇంటికి ఫోన్ చేసి, మనిషి కాస్త తెలివిగా ఉండే వేళ కనుక్కుని వెళ్లండి. వెంట ఒక్కరు చాలు. ప్రార్థన బృందమంతా గదిలో నిండితే ఊపిరాడని మనిషికి నరకం. పావుగంట చాలు, కావాలంటే సాయంత్రం మళ్లీ రావచ్చు.

కుర్చీ లాక్కుని, తల తిప్పకుండానే మీ మొహం కనబడే చోట కూర్చోండి. "దేని గురించి ప్రార్థన చేయమంటారమ్మా?" అని అడిగి ఆగండి. జబ్బు సంగతి కాక, మాటలు మానేసిన తమ్ముడి పేరు రావచ్చు. అప్పుడు ఆ తమ్ముణ్ని పిలిపించడమే మీ పని.

"విశ్వాసముంటే లేస్తావు" అనే మాట మాత్రం వద్దు. బైబిల్లో యాకోబు 5:14 రోగికి నూనె రాసి ప్రార్థించమంటుంది. చావు రాదని పూచీ ఇవ్వదు. ఆ మాట విన్నవాళ్లు తమ విశ్వాసమే చాలలేదన్న దిగులుతో పోతారు. బైబిల్లో కష్టాల పాలైన యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, చెడింది నోరు తెరిచాకే. "దేవుడు నన్నొదిలేశాడు" అంటే ఖండించకండి. 22వ కీర్తన మొదలయ్యేదే అలా. సిలువ మీద ప్రభువు పలికిందీ అదే.

23వ కీర్తన పాత అనువాదంలోనే చదవండి, వాళ్లకు కంఠతా వచ్చింది అదే. మూడో వచనం దాకా దేవుడు "ఆయన". నాలుగో వచనంలో, గాఢాంధకారపు లోయలో, "నీవు నాకు తోడై యుందువు". అక్కడ ఒక్క క్షణం ఆగండి.

సంస్కారం (ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చేముందు మింగగలరో లేదో ఇంటివాళ్లను అడగండి. తల ఎత్తిపెట్టి, బియ్యపు గింజంత రొట్టె ద్రాక్షరసంలో నానబెట్టి ఇవ్వండి. దగ్గు వస్తే ఆపేయండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మింగలేకపోతే రసంలో తడిపిన దూదిని పెదవులకు తాకించండి, చాలు. ఆక్సిజన్ పెట్టి ఉంటే కొవ్వొత్తి వెలిగించొద్దు, ముక్కు దగ్గర నూనె రాయొద్దు: మంట అంటుకునే ప్రమాదముంది.

డాక్టరు మార్ఫిన్ రాస్తే కొందరు ఇంటివాళ్లు అది పాపమేమోనని భయపడతారు. నొప్పి తగ్గించడం పాపం కాదని కాపరి నోటితో చెబితే కుదుటపడతారు.

ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, గొంతులో గురగుర వినిపిస్తున్నా చివర దగ్గరపడ్డట్టే. అది మామూలేనని ఇంటివాళ్లకు ముందే చెప్పండి. స్పృహ లేకపోయినా చెవులు పని చేస్తుండొచ్చు, సమాధి ఏర్పాట్లు మంచం దగ్గర మాట్లాడకండి. కీర్తన 31:5 చెవి దగ్గర మెల్లగా చెప్పండి: "నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను." ఊపిరి ఆగాక వెంటనే ఫోన్లు మొదలెట్టనివ్వకండి. ముందు పిల్లలను చెయ్యి పట్టుకోనివ్వండి.