అకౌంట్ హ్యాక్ అయిందని ఎవరైనా చెబితే ఏం చేయాలి, ఏం అనకూడదు

తెలిసినవాళ్ళు ఎవరైనా ఫోన్ చేసి "ఏదో లింక్ నొక్కాను, డబ్బులు పోయాయి" అంటే మన నోట్లోంచి ముందు వచ్చే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "అసలు ఎందుకు నొక్కావ్?" దానికి జవాబు వచ్చినా మీరు చేసేదేమీ ఉండదు. అవతలివాళ్ళు మాత్రం అక్కడితో సగం విషయం మింగేస్తారు. ఓటీపీ చెప్పేశామని చెప్పరు, అదే పాస్‌వర్డ్ ఇంకో నాలుగు చోట్ల వాడుతున్నామని చెప్పరు, ఫోటోలు పంపామని అసలే చెప్పరు. మీకు కావాల్సింది సరిగ్గా ఆ సగమే.

అందుకే తప్పెవరిదన్న చర్చ వాయిదా వేయండి (ఎప్పటికీ వద్దనట్లేదు, దాని సంగతి కింద ఉంది). "చెప్పి మంచి పని చేశావు, ఏమేం ఇచ్చావో వరసగా చెప్పు, తిట్టను" అనండి. నిజంగానే తిట్టకండి.

డబ్బు పోయి ఉంటే ముందు బ్యాంకుకు ఫోన్ చేయించండి, అదీ కార్డు వెనకాలో బ్యాంకు యాప్‌లోనో ఉన్న నంబరుకే, సెర్చ్‌లో కనబడిన కస్టమర్ కేర్ నంబర్లకు కాదు, వాటిలో దొంగ నంబర్లూ ఉంటాయి. డబ్బు చేతులు మారిపోకముందైతే ఆపే అవకాశం ఉంటుంది, కాబట్టి ఇక్కడ ప్రతి నిమిషమూ లెక్కే. ఆ వెంటనే ఈమెయిల్ సంగతి చూడండి. చాలామంది హ్యాకైన అకౌంట్ దగ్గరే కుస్తీ పడుతుంటారు గానీ, మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్ మార్చే లింకులన్నీ వచ్చేది ఈమెయిల్‌కే, అది దొంగల చేతిలో ఉన్నంతసేపు మీరు మార్చినవన్నీ వాళ్ళు మళ్ళీ మార్చేయగలరు. పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైస్‌ల నుంచీ లాగవుట్ చేసి, రికవరీ నంబరు (పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చేది) మీదేనా చూసుకోండి. ఫార్వర్డింగ్ సెట్టింగు కూడా చూడండి. ఇది దాదాపు ఎవరికీ గుర్తుండదు, మీకొచ్చే మెయిల్స్ తమకూ వచ్చేలా పెట్టుకుని ఉంటే పాస్‌వర్డ్ మార్చినా వాళ్ళు చదువుతూనే ఉంటారు.

దొంగలు ఫోన్‌లో ఏదైనా యాప్ వేయించి ఉంటే ఆ ఫోన్ నెట్ ఆపేసి, ఈ పనులన్నీ ఇంకో ఫోన్ నుంచి చేయండి. చాట్లు డిలీట్ చేయనివ్వకండి. సిగ్గుతో అందరూ మొదట చెరిపేసేవి అవే, పోలీసులు మొదట అడిగేవీ అవే.

ప్రైవేట్ ఫోటోలతో బెదిరిస్తుంటే డబ్బు కట్టకండి, ఒకసారి కడితే మళ్ళీ అడుగుతారు. పెద్దవాళ్ళకైతే స్టాప్ఎన్‌సీఐఐ, 18 ఏళ్ళలోపు పిల్లలకైతే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవలున్నాయి. ఫోటో మీ ఫోన్ దాటి వెళ్ళదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళుతుంది, ఇందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి కంపెనీలు దాన్నిబట్టి ఆ ఫోటోను పట్టుకుంటాయి. "అలాంటి ఫోటోలు ఎందుకు తీసుకున్నావ్" అని మాత్రం అనకండి. 2014లో హాలీవుడ్ తారల ఫోటోలు బయటికొచ్చినప్పుడు కూడా చాలామంది ఇదే అన్నారు. తర్వాత తేలిందేంటంటే, ఆపిల్, గూగుల్ పంపినట్టు దొంగ మెయిల్స్ పంపి పాస్‌వర్డ్‌లు లాగినవాళ్ళున్నారు, వాళ్ళలో ఒకడికి 18 నెలల జైలు పడింది. ఫోటో తీసుకోవడం నేరం కాదు, దొంగిలించడం నేరం. దీనికి ఇంతకంటే వివరణ ఎందుకో నాకర్థం కాదు.

ఇక తప్పెవరిది? గొడవ సద్దుమణిగాక కూర్చుని రెండే అడగండి: ఆపడం ఎవరి చేతిలో ఉంది, ఆపడానికి వాళ్ళకెంత పని?

జనాల అప్పుల చరిత్ర దాచే అమెరికా కంపెనీ ఈక్విఫాక్స్‌ని చూడండి. 2017 మార్చిలోనే వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి ప్యాచ్, అంటే దాన్ని సరిచేసే అప్‌డేట్ వచ్చింది, వేయాల్సిన చోట వేయలేదు, మే నుంచి దొంగలు లోపలే ఉన్నారు, దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆ జనంలో చాలామంది తమ వివరాలు ఆ కంపెనీ చేతికి స్వయంగా ఇచ్చినవాళ్ళు కూడా కాదు.

డీఎన్‌ఏ పరీక్షలు చేసే 23అండ్‌మీ కథ ఇంత సూటిగా ఉండదు. 2023లో వేరేచోట్ల లీకైన పాస్‌వర్డ్‌లతో దాదాపు 14 వేల అకౌంట్లలోకి దూరారు. అదే పాస్‌వర్డ్ మళ్ళీ వాడటం తప్పే, ఒప్పుకుందాం. కానీ బంధువులను వెతికిపెట్టే ఫీచర్ ద్వారా పోయింది దాదాపు 69 లక్షల మంది సమాచారం, వాళ్ళలో అత్యధికుల పాస్‌వర్డ్‌ల జోలికి ఎవరూ పోనేలేదు. రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగేది) అప్పటికి తప్పనిసరి కాదు, గొడవయ్యాకే చేశారు. అయినా కంపెనీ లాయర్లు తప్పంతా పాస్‌వర్డ్‌లు మార్చుకోని యూజర్లదే అన్నట్టు ఉత్తరం రాశారు. డీఎన్‌ఏ వివరాలు దాచే కంపెనీ!

లింక్ నొక్కినవాళ్ళు తెలివితక్కువవాళ్ళని ఇంకా అనిపిస్తుంటే ఇది వినండి: లీకైన అకౌంట్ల వివరాలు వెతికిపెట్టే సైట్ నడిపే ట్రాయ్ హంట్ కూడా 2025 మార్చిలో దొంగ మెయిల్‌కి పాస్‌వర్డ్ ఇచ్చేశాడు. గూగుల్, ఫేస్‌బుక్ కలిసి దొంగ బిల్లులకు 10 కోట్ల డాలర్లకు పైగా కట్టేశాయి.

కంపెనీ నుంచి "మీ సమాచారం బయటపడి ఉండవచ్చు" అని మెయిల్ వస్తే ఊరుకోకండి, నాలుగు ముక్కలు రాసి అడగండి: ఏమేం పోయాయి, ఎప్పుడు పోయాయి, మీకెప్పుడు తెలిసింది, పాస్‌వర్డ్‌లు ఏ రూపంలో దాచారు (ఉన్నదున్నట్టా, ఎవరూ చదవలేని రూపంలోనా). తేదీలు ముఖ్యం. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు, యాహూలో 2013లో జరిగిన చోరీ బయటపడింది 2016 చివర్లో, అన్ని అకౌంట్లూ, అంటే దాదాపు 300 కోట్లు పోయాయని ఒప్పుకున్నది 2017లో.

హ్యాకైనవాళ్ళకు అసలు బాధ్యతే లేదా అంటే ఒకటుంది. మీ పేరుతో మీ వాళ్ళకు మెసేజ్‌లు వెళుతుంటాయి, వాళ్ళకు చెప్పడం మీ పనే, సిగ్గనిపించినా అదే రోజు చెప్పాలి. పెద్ద క్షమాపణ అక్కర్లేదు, ఇంత చాలు: "నా అకౌంట్ ఈ ఉదయం నుంచి వేరేవాళ్ళ చేతిలో ఉంది. నా పేరుతో డబ్బు గానీ కోడ్ గానీ అడిగితే ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఎంత రాత్రైనా ఫోన్ చేయండి, ఏమీ అనను."