వరోవా నల్లికి ఆగ్జాలిక్ ఆమ్ల చికిత్స: రాణిని పంజరంలో ఉంచి చేసే పద్ధతి

ఇటాలియన్ తేనెటీగల పెట్టెల్లో, ఈగలనూ వాటి పిల్లలనూ పట్టి పీడించే వరోవా నల్లిని అదుపు చేయడానికి ఎక్కువగా వాడే ఆమ్లాలు ఫార్మిక్, ఆగ్జాలిక్. ఏది వాడాలన్నది పెట్టెలో మూతపడిన పిల్ల అరలు, అంటే లోపల ఈగ పిల్ల పెరుగుతుండగా మైనంతో మూసిన గదులు, ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి, ఆ రోజుల్లో ఎండ ఎంత ఉన్నదన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. ఆడ నల్లి అర మూతపడటానికి కాస్త ముందు లోపలికి దూరి, మూతపడ్డాక గుడ్లు పెట్టి, ఆ అరలోని ఈగ బయటికి వచ్చేటప్పుడు ఎదిగిన తన ఆడ సంతానంతో సహా వెలికి వస్తుంది. ఆగ్జాలిక్ ఆమ్లం మైనపు మూతను దాటదు. ఈగల ఒంటి మీద ఉన్న నల్లులనే చంపుతుంది. ఫార్మిక్ ఆవిరి మూతను దాటుతుంది గానీ, పగటి ఉష్ణోగ్రత సుమారు 29 డిగ్రీలు మించితే ఆవిరి ఒక్కసారిగా పెరిగి పిల్లలు చనిపోవచ్చు, రాణినీ పోగొట్టుకోవచ్చు.

ఐరోపాలోని చలి దేశాల్లో శీతకాలంలో రాణి గుడ్లు పెట్టడం మానేస్తుంది కాబట్టి, అక్కడివారు ఆ సమయంలో ఒక్కసారి ఆగ్జాలిక్ పోసి ఊరుకుంటారు. ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో రాణి ఏడాది పొడవునా ఎంతో కొంత పెడుతూనే ఉంటుంది కనుక, రాణిని కొన్నాళ్ళు పంజరంలో ఉంచి ఆ విరామాన్ని మనమే కల్పించాలి. పుస్తకాల్లోని డిసెంబరు మోతాదును ఇక్కడ నిండు పిల్లలున్న పెట్టెలో పోస్తే నల్లుల్లో అధిక భాగం మూతల కింద క్షేమంగా మిగిలిపోతుంది.

ముందుగా నల్లుల లెక్క తీయాలి. పిల్లలున్న చట్రం మీద రాణి లేదని రెండుసార్లు చూసుకొని, అర కప్పు ఈగలను, అంటే సుమారు 300, జాలీ మూత ఉన్న సీసాలోకి దులిపి, రెండు చెంచాల పొడి చక్కెర వేసి నిమిషం పాటు మెల్లగా దొర్లించి, కాసేపు ఆగి తెల్లటి పళ్ళెంలోకి జాడించాలి. పళ్ళెంలో కొద్దిగా నీళ్ళు చల్లితే చక్కెర కరిగి, ఎరుపు గోధుమ రంగులో, పొడవు కన్నా వెడల్పు ఎక్కువగా, చిన్న పీతల్లా ఉన్న నల్లులు విడిగా కనిపిస్తాయి. తొమ్మిది లేదా అంతకు మించి ఉంటే నూటికి మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నట్టే. చికిత్సను వాయిదా వేయకూడదు. పెట్టె ముందు రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పాకుతూ కనిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

తర్వాతి నిర్ణయం కాలానికి సంబంధించినది, అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే. రాణిని విడిచిపెట్టాక పెట్టిన గుడ్డు ఈగగా మారడానికి 21 రోజులు, ఆ ఈగ మకరందానికి బయలుదేరడానికి మరో రెండు మూడు వారాలు పడుతుంది. అందువల్ల పూత మొదలవడానికి కనీసం ఆరు వారాల ముందే రాణిని విడుదల చేయాలి. అరకులో వలిసె పూతకు అక్టోబరు చివర పెట్టెలు తరలించేవారు ఆగస్టు మూడో వారంలో రాణిని పంజరంలో పెడితే సరిపోతుంది. వానాకాలపు కరువులో ఎలాగూ పాకం పెట్టవలసి ఉంటుంది కాబట్టి, ఈ పనికి అదే అనువైన అదను.

రాణిని చిన్న పంజరంలో ఉంచి, ఈగలు జాలీలోంచి మేపగలిగేలా, పిల్లల చట్రాల నడుమ వేలాడదీయాలి. వారం తర్వాత ప్రతి చట్రాన్నీ చూసి, కొత్తగా కట్టిన రాణి అరలను తీసేయాలి. ఒక్కటి మిగిలినా లోపల మరో రాణి పుడుతుంది, చేసినదంతా వృథా అవుతుంది. 21 రోజులకు కూలి ఈగలన్నీ బయటపడతాయి, పోతు ఈగలకు 24 రోజులు కావాలి. నల్లి పోతు అరలనే ఎక్కువగా కోరుకుంటుంది కనుక ఆ మూడు రోజులు ఆగడమే మేలు. 24వ రోజున మూతపడిన అర ఒక్కటీ లేదని చూసుకొని, రాణిని విడిచి, అదే సాయంత్రం ద్రావణం పోయాలి.

ద్రావణానికి 600 గ్రాముల చక్కెరను 600 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో కరిగిస్తే దాదాపు ఒక లీటరు పాకం వస్తుంది. అది చల్లారాక అందులో 35 గ్రాముల ఆగ్జాలిక్ ఆమ్ల డైహైడ్రేట్ పలుకులు కలపాలి. ఆమ్లం కలిపాక మళ్ళీ వేడి చేయకూడదు, మిగిలిన దాన్ని నెలల తరబడి దాచకూడదు. పాత ద్రావణంలో ఈగలకు విషమయ్యే పదార్థం తయారవుతుంది. గాజు లేదా ప్లాస్టిక్ పాత్ర, ఆమ్లానికి తట్టుకునే చేతి తొడుగులు, కంటి అద్దాలు తప్పనిసరి. పొడి ఎగిరే చోట మాస్కు కూడా కావాలి.

ఈగలు తేనె నిల్వ చేసే పై గదిని ముందే తీసేసి, సిరంజితో రెండు చట్రాల మధ్య ఈగలు నిండిన ప్రతి సందులోనూ 5 మిల్లీలీటర్ల చొప్పున నేరుగా ఈగల మీద పడేలా సన్నటి ధారగా పోయాలి. సగమే నిండిన సందుకు సగమే చాలు. పెట్టె ఎంత బలంగా ఉన్నా మొత్తం 50 మిల్లీలీటర్లు దాటకూడదు. మిగిలింది కదా అని మరుసటి వారం మళ్ళీ పోయడం తప్పు, ఎందుకంటే అవే ఈగలు రెండోసారి తట్టుకోలేవు.

రాణిని ఆపే వీలు లేనివారు చలికాలంలో ఫార్మిక్ వాడవచ్చు. 85 శాతం ఆమ్లాన్ని రోజుకు 5 మిల్లీలీటర్ల చొప్పున దూదిలో పీల్చుకొనేలా చిన్న సీసాలో ఉంచి, పెట్టె అడుగున 15 రోజులు పెట్టడం మన దేశంలో వాడుకలో ఉన్న పద్ధతి. కూలి ఈగ మూత కింద 12 రోజులుంటుంది కాబట్టి ఆ గడువు దాటేదాకా ఆపకూడదు. ఈ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, ఆవిరి ఊపిరితిత్తులకు హానికరం. గాలి వచ్చే వైపు నిలబడి, ఆమ్లపు ఆవిరిని ఆపగల మాస్కుతోనే పని చేయాలి. పలుచన చేయవలసి వస్తే నీటిలో ఆమ్లం పోయాలి గానీ ఆమ్లంలో నీరు పోయకూడదు.

దేశవాళీ తేనెటీగలకు ఈ తతంగం సాధారణంగా అక్కరలేదు. అవి నల్లులను ఏరి పారేస్తాయి, ఆ పెట్టెల్లో నల్లి దాదాపుగా పోతు అరల్లోనే సంతానం కంటుంది. పైగా విసిగిస్తే అవి పెట్టె వదిలి ఎగిరిపోతాయి.

ఒక తోటలోని ఇటాలియన్ పెట్టెలన్నిటికీ ఒకే వారంలో చికిత్స పూర్తి చేయాలి, లేకుంటే దోపిడీకి వెళ్ళిన ఈగలు పక్క పెట్టె నుంచి నల్లులను మోసుకొస్తాయి. రెండు వారాల తర్వాత చక్కెరతో మళ్ళీ లెక్క తీసి, తేదీతో సహా పెట్టె మూత లోపలి వైపు రాసుకుంటే, వచ్చే పూతకు ముందు ఏ పెట్టెను మొదట చూడాలో తెలుస్తుంది.