పేదల లెక్క – మూడో పాఠం: గీత కింద ఎంత లోతు?

పోయిన పాఠంలో పేదరిక గీత, అంటే ఇంతకన్నా తక్కువ ఖర్చు పెట్టగలిగితే పేదలే అనే హద్దు, దాని కింద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాం. ఆ లెక్క ఎక్కడ మోసం చేస్తుందో ఈరోజు చేసి చూద్దాం. నోటుబుక్కు తీయండి.

పేదరికాన్ని ఎలా కొలవాలో తేల్చడానికి ప్రణాళికా సంఘం వేసిన టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011–12కు దేశం మొత్తానికి పట్టణాల గీత మనిషికి నెలకు 1,000 రూపాయల ఖర్చు. పాతదే, కానీ చేతిలెక్కకు సులువు. తిరుపతిలో ఒక సందులో పదిమంది ఉన్నారనుకుందాం. ఎనిమిది మంది గీత పైనే. మిగిలిన ఇద్దరిలో ఒకామె ఖర్చు 950, ఇంకొకామెది 400.

ఇప్పుడు 400 ఆమె దగ్గర 50 తీసి 950 ఆమెకు ఇవ్వండి. ఒకామె గీత ఎక్కేసింది. 20 శాతం పేదరికం 10 శాతమైంది! నిజంగా మనం చేసిందేమిటి? అందరికన్నా లేనామె నోటికాడి కూడు లాక్కున్నాం. ఒక్కొక్కరు గీతకు ఎంత తక్కువలో ఉన్నారో ఆ లోటు కూడినా ఇది బయటపడదు. ముందు 50, 600 కలిపి 650. తర్వాత కూడా 650.

పేదల్లో పేదలకు ఎక్కువ బరువివ్వాలని 1976లో ఆర్థికవేత్త అమర్త్య సేన్ గట్టిగా వాదించారు. 1984లో ఫాస్టర్, గ్రీర్, థోర్‌బెక్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చూపిన దారి ఇంకా తేలిక. ఒక్కొక్కరి లోటును గీతతో భాగించి వర్గం చేయండి. అన్నీ కూడి మొత్తం జనంతో భాగించండి.

ముందు: 0.05 వర్గం 0.0025, 0.6 వర్గం 0.36. కూడి పదితో భాగిస్తే 0.03625.
తర్వాత: 0.65 వర్గం 0.4225. పదితో భాగిస్తే 0.04225.

పెరిగింది. దొంగ దొరికాడు. నాకు ఈ లెక్కంటే అందుకే ఇష్టం.

అయితే ఆ 400 అనే అంకె రాబట్టడమే అసలు కష్టం. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టే అవ్వను "నెలకెంత వస్తుందవ్వా?" అని అడగండి. "బ్రహ్మోత్సవాలప్పుడు ఒక తీరు, మూఢంలో ఒక తీరు. ఏమని చెప్పేది నాయనా?" అంటుంది. ఆమె నూనె కూడా పది రూపాయల ప్యాకెట్టే కొంటుంది, నెల సరుకు అనే మాటే లేదు. అందుకని ఆదాయం అడక్కండి. ఈ వారంలో ఏం కొన్నారో, ఏం వండారో ఒక్కొక్కటే అడగండి. రేషన్ బియ్యం మర్చిపోవద్దు. ఇంటి ఖర్చును తలలతో భాగిస్తాం కాబట్టి, ఆఖరున తినే ఆమె కంచంలో ఎంత మిగిలిందో మాత్రం ఇందులోనూ కనపడదు.

అభ్యాసం: గీత అదే, జనం పదిమందే. పేదల ఖర్చులు 900, 700, 500. 700లోంచి 100 తీసి 500కు కలపండి. మూడు లెక్కలూ (పేదల శాతం, మొత్తం లోటు, లోటు వర్గాల లెక్క) ముందు, తర్వాత వేయండి. జవాబులు నాలుగో పాఠంలో సరిచూద్దాం.