కొత్త విండోస్, పాత ప్రోగ్రాములు - పాఠం 4: ఆగిపోయేవాటిని ముందే పట్టుకోవడం

పోయిన పాఠంలో డిస్క్ మొత్తానికి బ్యాకప్ తీశాం. అది చేతిలో లేకపోతే ఇక్కడే ఆగి, ముందు ఆ పని పూర్తి చేయండి.

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 11కి మారుదామంటే పాత సాఫ్ట్‌వేర్ పనిచేయదేమోనని దిగులు. బిట్ సంఖ్య అంటే ప్రాసెసర్ ఒక్కసారికి పట్టే డేటా కొలత; పాత ప్రోగ్రాములకు సాధారణంగా అది తక్కువ. నిజానికి 32 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో చాలావరకు బాగానే నడుస్తాయి. కచ్చితంగా ఆగేవి రెండు: 16 బిట్ కోడ్, 32 బిట్ డ్రైవర్లు (పరికరాలను విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రాములు). వెతకాల్సింది వాటినే.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి సిస్టమ్ టైప్ చూడండి. 64 బిట్ అని ఉంటే, ఇప్పుడు నడుస్తున్నవాటికి ఈ రెండు చిక్కులూ లేనట్టే. 32 బిట్ అయితే పని ఉంది. విండోస్ 11 64 బిట్‌లోనే దొరుకుతుంది కాబట్టి నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి. అంతకుముందే పాత ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా నడుపుతూ టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్ చూడండి. ఎన్‌టీవీడీఎం (ntvdm.exe) అనే పేరు కనిపిస్తే అది 16 బిట్‌ది. దానికి కంపాటిబిలిటీ మోడ్ (ప్రోగ్రామ్ ముందు పాత విండోస్‌లా నటించే సెట్టింగ్) పెట్టినా లాభం లేదు. ఇంకో మెలిక: 1990ల నాటి కొన్ని ప్రోగ్రాములు 32 బిట్‌వే అయినా వాటి సెటప్ ఫైలు 16 బిట్‌ది. ప్రోగ్రామ్ నడుస్తుంది గానీ కొత్త మెషీన్‌లో ఇన్‌స్టాల్ కాకపోవచ్చు. అందుకే సీడీ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు.

డ్రైవర్ సంగతి వేరు. ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, డాంగిల్ (లైసెన్స్ కోసం కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం) గానీ స్కానర్ గానీ దొరకదు. తయారీదారు 64 బిట్ డ్రైవర్ ఇచ్చారో లేదో ఇప్పుడే చూసి, దించి దాచుకోండి. 64 బిట్‌లో ఉన్నవారు విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్ డీటెయిల్స్‌కు వెళ్లి మెమరీ ఇంటిగ్రిటీ ఆన్ చేసి చూడండి. పొసగని డ్రైవర్లుంటే ఫైలు పేర్లతో సహా చూపిస్తుంది.

అప్‌గ్రేడ్ అయ్యాక ఏదైనా మొరాయిస్తే చాలామంది వెంటనే ప్రోగ్రామ్ ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ ట్యాబ్‌లో విండోస్ 7 ఎంచుకుంటారు. ఆ మోడ్ చేసే ముఖ్యమైన పని, ప్రోగ్రామ్‌కు పాత వెర్షన్ నంబరు చూపించడం. కానీ విండోస్ 11 లోపలి నంబరు ఇప్పటికీ 10.0 దగ్గరే ఉంది. 10లో నడిచినది 11లో ఆగిందంటే కారణం సాధారణంగా వేరే ఉంటుంది.

"రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పాత 32 బిట్ ప్రోగ్రాములు తమ డేటాను ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే రాయబోతాయి. విండోస్ విస్టా నుంచి ఆ రాతలు చడీచప్పుడు లేకుండా యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్‌లోకి మళ్లుతున్నాయి. అదే ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే ఈ మళ్లింపు ఉండదు, అసలు ఫోల్డర్‌లోని పాత ఫైలు తెరుచుకుంటుంది. నిన్నటిదాకా చేసిన ఎంట్రీలు మాయమైనట్టు కనిపిస్తాయి. గాభరాపడి మళ్లీ ఎంట్రీలు మొదలుపెడితే రెండు చోట్ల రెండు లెక్కలు తయారవుతాయి. ముందు వర్చువల్‌స్టోర్ చూడండి.

10 మీదే 11 ఎక్కించినవారికి వెనక్కి వెళ్లే గడువు మామూలుగా 10 రోజులు. ఈలోగా డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లు తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. నెలాఖరు రిపోర్టు, ప్రింటింగ్, బ్యాకప్ లాంటి అరుదైన పనులన్నీ మొదటి రెండు రోజుల్లోనే చేసి చూడండి.

అభ్యాసం: మీ ప్రోగ్రాముల జాబితా రాసి, ఒక్కోదాని పక్కన బిట్ సంఖ్య, డేటా ఉన్న ఫోల్డర్, కావాల్సిన డ్రైవర్ నింపండి. 16 బిట్ అని తేలినవాటిని వచ్చే పాఠంలో వర్చువల్ మెషీన్‌లోకి (కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) ఎక్కిద్దాం.