ఢీకొన్నప్పుడే ఆగిపోయిన రోబో

విశాఖ ఎంవీపీ కాలనీలోని మా డాబా మీద పోటీ రోబోను సాధన చేయిస్తున్నాం. ఖాళీ నేల మీద చక్కగా తిరిగేది. ఎదుటి రోబోను తోయగానే మోటారు కంట్రోలర్ దీపం ఆరి, క్షణం తర్వాత మళ్లీ వెలిగేది. కంట్రోలరే పోయిందనుకుని కొత్తది బిగించాను. అదే తంతు! డబ్బు పోయినందుకు కాదు, రెండు రోజులు వృథా అయినందుకు బాధ కలిగింది.

చక్రం కదలకుండా బిగుసుకున్నప్పుడే మోటారు అత్యధిక కరెంటు లాగుతుంది. కాబట్టి కొలతలు ఆ క్షణంలోనే తీసుకోవాలి. రోబోను గోడకు ఆనించి నడిపించాం. బ్యాటరీ దగ్గర 10.4 వోల్టులు, కంట్రోలర్ దగ్గర 6.3. మధ్యలో 4 వోల్టులు ఎక్కడికి పోయాయి? మీటరు రెండు కొనలనూ ఒక్కో అతుకుకు అటూ ఇటూ పెట్టుకుంటూ వచ్చాను. మెయిన్ స్విచ్చి దగ్గరి లగ్గులో (తీగ కొనకు బిగించే లోహపు ముక్క) దొరికింది.

పై తొడుగు కోసి చూస్తే రాగి పోగులకు పచ్చటి చిలుము. సగం పోగులు తెగి ఉన్నాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇది మామూలే. 40 ఆంపియర్లు పారే చోట 0.1 ఓం నిరోధం ఉంటే చాలు, 4 వోల్టులు అక్కడే వేడిగా మారిపోతాయి. రోబోను ఆపి, తీగ తెగిందో లేదో మీటరుతో చూస్తే మాత్రం, తెగలేదని చెప్పే బీప్ శబ్దం నిక్షేపంగా వినిపిస్తుంది, నన్ను మోసం చేసింది అదే.

తీగను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్త లగ్గును క్రింపింగ్ పనిముట్టుతో గట్టిగా నొక్కి, లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడిగాను. మళ్లీ గోడకు ఆనించాం. దీపం ఆరలేదు.