వంశధారలో కయాక్ బాట వేయాలంటే ముందు దిగే రేవు చూసుకోండి

నదిలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) బాట అనగానే చాలామంది మ్యాప్ తెరిచి ఎక్కడ బయల్దేరాలా అని వెతుకుతారు. పని అటునుంచి మొదలుపెట్టాలి. ఎక్కడ దిగుతాం, దారిలో ప్రతి ప్రమాదానికీ ముందు గట్టెక్కే చోటు ఎక్కడుంది, ఈ రెండూ తేలాకే ఎక్కే రేవు సంగతి. ఎక్కడానికి మోకాలి లోతు నీళ్లుంటే చాలు. అలసిన మనుషులు ఎదురుగాలిలో పాతిక కిలోల పడవను ఒడ్డుకు లాగాలంటే మాత్రం చోటు మంచిదై ఉండాలి.

శ్రీకాకుళం జిల్లాలో కొత్తవాళ్ల బాటకు నాగావళి కంటే వంశధారే నయం. నాగావళికి నారాయణపురం ఆనకట్ట అడ్డం, దిగువన పట్టణం మురుగు. వంశధారలో గొట్టా బ్యారేజీ దరిదాపులు వదిలేసి, శ్రీముఖలింగం నుంచి కిందికి చూడండి. రైలు వంతెన, మడపాం దగ్గర హైవే వంతెన, కుడి గట్టున శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండ, చివర కళింగపట్నం. ఇదంతా ఒక్క రోజు పని కాదు. కొత్తవాళ్లు నిదానమైన నీటిలో గంటకు 3 కిలోమీటర్లు, అలవాటైనవాళ్లు 4 నుంచి 5 పోతారు. మధ్యలో ఆగేవి కలుపుకుంటే రోజుకు 10, 12 కిలోమీటర్లకు మించి పెట్టకండి. దూరాన్ని శాటిలైట్ మ్యాప్‌లో పాయ వంపుల వెంటే కొలవాలి, రోడ్డు దూరంతో లెక్క కుదరదు.

కాలం విషయంలో రాజీ వద్దు. జూలై నుంచి అక్టోబరు దాకా వరద రోజులు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ నది ఎలా పొంగిందో ఒడ్డు ఊళ్లకు తెలుసు. నవంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా నీరు తేటపడి, పడవ తేలేంత లోతూ ఉంటుంది. అప్పుడు కూడా బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే ఆ వారం మానేయండి. ఫిబ్రవరి దాటితే చాలాచోట్ల పడవ మిమ్మల్ని మోయదు, మీరే పడవను మోస్తారు. ఇంకొకటి, మన ఆకాశం తేటగా ఉన్నా ఒడిశాలో గుణుపురం, కాశీనగర్ వైపు గట్టి వాన పడితే కొన్ని గంటల తర్వాత ఇక్కడ నీరు పెరుగుతుంది. ముందు రోజు సాయంత్రం, బయల్దేరే ఉదయం రెండుసార్లూ గొట్టా గేట్ల నుంచి ఎంత వదులుతున్నారో కనుక్కోండి. మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారంటే ఆ రోజుకు పడవ కట్టేయడమే.

నీటి వేగం కంటితో అంచనా వేయొద్దు. గట్టు మీద 30 మీటర్లు తాడుతో కొలిచి రెండు కర్రలు పాతండి. పై కర్రకు కాస్త ఎగువన, నది మధ్యలోకి ఒక పీచు కొబ్బరికాయ విసరండి. ఆకో, థర్మాకోల్ ముక్కో అయితే గాలికి పక్కకు పోతుంది. కాయ మూడొంతులు మునిగి నీటితో పాటే నడుస్తుంది. రెండు కర్రల మధ్య 30 సెకన్లు పట్టిందంటే వేగం సెకనుకు 1 మీటరు, అంటే గంటకు 3.6 కిలోమీటర్లు. అంతకంటే తొందరగా పోతే కొత్తవాళ్లను దింపొద్దు, ఆ వేగానికి ఎదురు తెడ్డు వేసి వెనక్కి రాలేరు. మూడుసార్లు విసిరి సగటు తీయండి.

ఇక రేవులు. రెండు మీటర్ల నిటారు గట్టుంటే అది రేవు కాదు. వాలు తక్కువగా ఉండి, రెండు పడవలు పక్కపక్కన ఆనేంత వెడల్పు ఉండాలి, బండి ఆగే చోటికి 200 మీటర్ల లోపు ఉండాలి. దిగేచోట అడుగు గట్టిదా, ఊబా అని మూడు మీటర్ల వెదురు గెడతో పొడిచి చూడండి. వరద తీశాక మెత్తటి ఒండ్రు పైన ఎండి పెళుసుగా కనిపిస్తుంది, కింద పిండిలా ఉంటుంది. ఆడవాళ్లు స్నానాలు చేసే రేవు, బట్టలుతికే బండలు, పశువుల్ని దింపే దారి వదిలేసి వేరే చోటు చూసుకోండి. కార్తీకంలో తెల్లవారుజామున రేవుల్లో స్నానాలు, దీపాలు ఉంటాయి, అదే మన సీజను కూడా. కాబట్టి ఆ నెలలో వెలుగు బాగా వచ్చాకే పడవ కదలాలి. శివరాత్రి తర్వాత శ్రీముఖలింగం చక్రతీర్థ స్నానానికి జనం నదిలోకి దిగుతారు, ఆ రోజుల్లో అక్కడి రేవు జోలికి పోకండి.

ఈ నదిలో ఎక్కువ భయపడాల్సింది రాళ్లకు కాదు, ఇసుక గోతులకు. ఇసుక తవ్విన చోట మోకాలి లోతులో నడుస్తున్న మనిషి ఒక్క అడుగు వేయగానే నిలువు మునుగుతాడు, అంచు జారి ఎక్కలేడు. ఎక్కడ తవ్వారో ఊళ్లో చేపలు పట్టేవాళ్లకు తెలుస్తుంది, సర్వేకి వాళ్లలో ఒకరిని కూలి ఇచ్చి వెంటబెట్టుకోండి. లారీల కోసం నదికి అడ్డంగా వేసే ఇసుక బాట కనిపిస్తే కనీసం 100 మీటర్ల ముందే గట్టెక్కి, పడవ మోసుకుని దాటాలి. దాని కింద తూముల్లోకి నీరు లాక్కుంటుంది, మనిషి ఇరుక్కుంటే పైకి తీయడం చాలా కష్టం. వంతెన స్తంభాలకు చిక్కిన దుంగలు, కొమ్మలు, ఒడ్డున కూలిన చెట్లు కూడా ఇలాంటివే: వాటి మధ్య నుంచి నీరు పోతుంది, పడవ పోదు. ఆనకట్ట, చెక్‌డ్యామ్ మీంచి దూకడం ఎవరూ చేయొద్దు. కింద పడిన నీరు వెనక్కి తిరిగి, లైఫ్ జాకెట్ ఉన్నా మనిషిని అక్కడే తిప్పుతుంది.

నీటిని చదవడం నేర్పండి. లేత రంగున్న చోట ఇసుక మేట, ముదురు రంగున్న చోట లోతు. వంపులో బయటి వైపు లోతు, లోపలి వైపు మెరక. ఉపరితలంలో గీతలు రెండూ కిందికి పోతూ ఒకచోట కలుస్తుంటే అది దారి. ఒక బిందువు దగ్గర మొదలై కిందికి విచ్చుకుంటుంటే ఆ బిందువు దగ్గర నీటి కింద ఏదో ఉంది. పాయ రెండుగా చీలినప్పుడు దగ్గరి దారి చూడకండి, నీరు ఎక్కువ ఎటు పోతోందో చూడండి. సన్న పాయ మడుగులో ముగిసిందంటే ఎండలో వెనక్కి లాక్కురావాలి.

శాలిహుండం దాటాక లెక్క మారుతుంది. అక్కడ సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి: రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు తీయడం). ఈ రోజు పోటు కంటే రేపటిది సుమారు 50 నిమిషాలు ఆలస్యం, అమావాస్య పౌర్ణములకు జోరు ఎక్కువ. పాటు వేళ నది నీరూ సముద్రం లాగుడూ కలిసి మొగ (నది సముద్రంలో కలిసే చోటు) వైపు తోస్తాయి. ఆ తోపులో మొగ దాకా పోయిన కయాక్ అలల్లో బోల్తా పడుతుంది. కాబట్టి బాట మొగకు కనీసం 2 కిలోమీటర్ల ముందే ముగియాలి, అక్కడికి పోటు నిండే వేళకు చేరేలా బయల్దేరే సమయం వెనక్కి లెక్కగట్టండి. పది, పదకొండు దాటితే సముద్రపు గాలి ఎదురు తిరుగుతుంది. వెలుగు రాగానే కదిలి పదిన్నరకల్లా గట్టెక్కేలా పెట్టుకోండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు తీరంలో గుడ్లు పెడతాయి, కళింగపట్నం ఇసుక మీద రాత్రి గుడారాలు, టార్చీలు వద్దు.

సామానులో అన్నిటికంటే ముందు లైఫ్ జాకెట్. పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి: అది చెవులదాకా లేచిందంటే సైజు తప్పు. ఈలను జాకెట్‌కే కట్టాలి. గుంపును నడిపించే ఇద్దరి దగ్గరా 15 మీటర్ల తేలే తాడు, మనిషికి 3 లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్, నీరు దూరని సంచిలో ఫోను. కొత్తవాళ్లకు పైన కూర్చునే ప్లాస్టిక్ కయాక్ మంచిది, బోల్తా పడినా నీరు దానంతట అది దిగిపోతుంది. గాలి నింపే పడవ మోయడానికి తేలికే, కానీ గట్టు మీది సర్కారు తుమ్మ ముల్లు ఒక్కటి చాలు. మొదటి గంట నడుము లోతు నీటిలో బోల్తా పడి తిరిగి ఎక్కడం సాధన చేయించండి.

పంచాయతీకి, పోలీస్ స్టేషన్‌కు, జలవనరుల శాఖకు రాతపూర్వకంగా చెప్పి అనుమతి పొందండి. ప్రతి రేవులోనూ వరద మట్టానికి పైన, ఎగువ నుంచి వచ్చేవాళ్లకు కనిపించేలా బోర్డు పెట్టి పెద్ద అంకె వేయండి. 112కో, 108కో ఫోన్ చేసేవాళ్లు "ఏడో నంబరు రేవు, కుడి గట్టు" అని చెప్పగలగాలి. కుడి, ఎడమ ఎప్పుడూ నీరు పోయే వైపు మొహం పెట్టి చెప్పుకోవాలని అదే బోర్డు మీద రాయండి. ఇసుక నది ఏటా పాయ మారుస్తుంది, నిరుటి రేవు ఈ ఏడు మేట కింద ఉండొచ్చు. వరద తీసిన తర్వాత, మొదటి గుంపును పంపే ముందు, గెడ పట్టుకుని బాటంతా మళ్లీ కొలిచి బోర్డులు సరిచేయండి.